పులిసిన డైజెస్టర్ దగ్గర నాలుగు రోజులు

హైదరాబాదులో నాలుగు రోజులుండి వచ్చాను. చార్మినార్ చూడలేదు, గోల్కొండ చూడలేదు. నానక్‌రామ్‌గూడలో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయం వెనకాల, ప్రహరీ గోడ పక్కనున్న ఒక డైజెస్టర్‌ని చూసి వచ్చాను. మురుగునీటిని శుద్ధి చేశాక అడుగున బురద మిగులుతుంది. దాన్ని గాలి చొరబడని ట్యాంకులో కొన్నాళ్ళు మురగనిస్తే గ్యాస్ పుడుతుంది. ఆ గ్యాసుతో అక్కడ పనివాళ్ళ క్యాంటీన్‌లో వంట చేస్తారు.

నన్ను పంపింది మా వీధివాళ్ళు. తణుకు దగ్గర మాదొక చిన్న పట్టణం. మా వీధి చివర ఖాళీ స్థలంలో ఇలాంటిదే కడతామని మునిసిపాలిటీవాళ్ళు అన్నారు. వీధంతా గగ్గోలెత్తింది. నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి కిందటేడే రిటైరయ్యాను. అందుకని "మీరు వెళ్ళి చూసొచ్చి, మాకొద్దని ఒక కాగితం రాసివ్వండి మేడంగారూ" అన్నారు. చూశాక ఏమనిపించిందో చెప్పమని ఎవరూ అడగలేదు, వద్దని రాయమనే అడిగారు. నా ఉద్దేశమూ అదే. ఆ స్థలానికి అందరికన్నా దగ్గరిల్లు మాది.

రాయదుర్గం

మెట్రో చివరి స్టేషన్‌లో దిగి మెట్లు దిగేసరికి సన్నగా వాన. గాజు మేడల మధ్యనుంచి గాలి విసురుగా కొట్టి నా గొడుగు వెనక్కి తిరిగిపోయింది. మెడలో కార్డులు వేలాడేసుకున్న పిల్లలు నన్ను తప్పించుకుంటూ బైకుల వెనకెక్కి పోతున్నారు. షేర్ ఆటో అతనితో "నానక్‌రామ్‌గూడ వెళ్ళాలండి" అన్నాను.

"ఊర్లకా అమ్మా, టవర్లకా?" అన్నాడు.

నాకు తేడా తెలియలేదు. ఊరే కదా అని "ఊళ్ళోకే" అన్నాను. ముప్పై రూపాయలు తీసుకుని పోచమ్మ గుడి దగ్గర దింపాడు. చుట్టూ కిరాయి గదుల మేడలు, కల్లు దుకాణం, కోళ్ళు. ఎవరిని అడిగినా పైకి చూపించారు. నేను వెళ్ళాల్సిన అపార్ట్‌మెంట్లు ఇళ్ళ కప్పుల మీదుగా కనిపిస్తూనే ఉన్నాయి కానీ దారి మాత్రం దొరకదు. అరగంట బురదలో నడిచాను. కుడికాలి చెప్పు తెగింది. దాన్ని చేత్తో పట్టుకునే గేటు దగ్గరికి చేరాను.

మా మేనమామ కూతురు పద్మ ఆ సముదాయంలోనే తొమ్మిదో అంతస్తులో ఉంటుంది. నన్ను చూసి, "అయ్యో వదినా, ఒక్క ఫోన్ చేస్తే నేనే వచ్చేదాన్ని కదా!" అంటూ వేడినీళ్ళు పెట్టింది. పెసరట్టు వేస్తూ అసలు సంగతి చెప్పింది. "నువ్వు చూడ్డానికొచ్చింది వారం రోజులుగా పనిచెయ్యట్లేదు వదినా. ఆదివారం కమిటీ మీటింగు. మూసేస్తారంటున్నారు."

దాచడమెందుకు, నాకు సంతోషమే వేసింది. వచ్చిన పని వచ్చిన రోజే అయిపోయిందనుకున్నాను.

గోడ పక్కన

గురువారం మధ్యాహ్నం పద్మ నన్ను కిందికి తీసుకెళ్ళి స్వరూపకి అప్పజెప్పింది. డైజెస్టర్ని చూసుకునేది ఆమే. ముప్పై అయిదేళ్ళుంటాయి. నా పాదానికి రెండింతలున్న గమ్‌బూట్లు ఇచ్చి తొడుక్కోమంది. వాళ్ళ తాతల పొలం ఈ టవర్ల కిందే ఎక్కడో ఉందట. "గా క్లబ్‌హౌస్ ఉన్నకాడ మా జొన్నచేను ఉండె మేడమ్" అని చెప్పి, దాని గురించి మళ్ళీ మాట్లాడలేదు.

డైజెస్టర్ అంటే ఏదో అనుకున్నాను. రెండంతస్తుల ఎత్తున్న గుండ్రటి ఉక్కు ట్యాంకు, పైన రబ్బరు గుమ్మటం. గ్యాస్ నిండితే ఉబ్బి గట్టిగా ఉండాలట. ఆ రోజు వాన నీళ్ళు మధ్యలో నిలిచి, సొట్టపడి ఉంది.

వాసన సంగతి నిజమే చెబుతాను. ట్యాంకు దగ్గర లేదు. బురద పోసే గొయ్యి మూత తీసినప్పుడు మాత్రం ముక్కు పగిలింది. మూత వేయగానే తగ్గిపోయింది. మా ఊరి చేపల మార్కెట్టు దీనికన్నా నయమేమీ కాదు.

"ఏం జరిగిందమ్మా దీనికి?" అన్నాను.

"పులిసింది మేడమ్. వినాయకుని నిమజ్జనం నాడు అన్నదానం అయింది. మా బిడ్డకు జరమొచ్చి ఆ రెండు దినాలు నేను రాలే. మిగిలిన పులిహోర, పాయసం, బూరెలు... హౌస్‌కీపింగ్ వాళ్ళు అన్నీ తెచ్చి ఒక్కపారే దీంట్లకు గుమ్మరించిండ్రు. రోజూ వంటింటి చెత్త జరంత వేస్తం, బురదతోని కలిస్తే గ్యాస్ మంచిగొస్తది. గానీ గంత ఒక్కపారి వేస్తే ఎట్ల అరుగుతది? యాసిడ్ అయింది."

ఇది నాకు తెలిసిన విద్యే. లోపల రెండు రకాల సూక్ష్మజీవులుంటాయి. ఒక రకం తిండిని ఆమ్లంగా మారుస్తుంది, రెండో రకం ఆ ఆమ్లాన్ని తిని మీథేన్ వదులుతుంది. మొదటివి తొందరపడతాయి, రెండోవి నిదానం. ఆమ్లం ఎక్కువైతే రెండోవి చచ్చి ఊరుకుంటాయి. నేను చదివిందే కానీ కంటితో చూడలేదు. స్వరూప గ్లాసులో కాస్త ద్రవం పట్టి, అందులో పీహెచ్ మీటరు ముంచి చూపించింది. ఆరూ పాయింట్ మూడు. ఏడుకి దగ్గర్లో ఉండాలి.

క్యాంటీన్‌లో పొయ్యి వెలిగించింది. మంట ఒక్క క్షణం పసుపురంగులో లేచి, తుప్పుమని ఆరిపోయింది. మళ్ళీ వెలిగించింది. మళ్ళీ ఆరింది.

"మూడు దినాల సంది మేత బంద్ పెట్టిన. సున్నం, తినేసోడా కలుపుతున్న. ఇగ రేపు శంకర్‌పల్లి దిక్కు పోయి మంచి పేడనీళ్ళు తెస్త. అండ్ల పురుగులు మస్తు ఉంటయి" అంది. ఆ పురుగులు మనవాళ్ళే అన్నట్టు చెప్పింది.

అప్పుడే కమిటీ ప్రెసిడెంటుగారు వచ్చారు. రిటైరైన బ్యాంకు మేనేజరు, మా వైపువారే. "మీరేనాండీ చూడ్డానికొచ్చింది? మంచి టైముకే వచ్చారు" అని నవ్వి, స్వరూపతో "ఆదివారం పొద్దున మీటింగు టైముకి పొయ్యి వెలక్కపోతే మాత్రం నేనింక ఆపలేనమ్మా. సగంమంది బురదని లారీల్లో బయటికి పంపేద్దామంటున్నారు" అన్నారు. గట్టిగా అనలేదు. అయినా ఆయన వెళ్ళాక స్వరూప చాలాసేపు ఆ మీటరు తుడుస్తూ నిలబడింది.

"నేను సెలవు పెట్టకపోతే గిట్ల కాకపోతుండె" అంది చివరికి.

"పిల్లకి జ్వరమొస్తే ఏం చేస్తావమ్మా?" అన్నాను. ఇంతకీ నేను ఎవరి తరఫున వచ్చానో నాకే కాస్త అయోమయంగా అనిపించింది.

శంకర్‌పల్లి దారి

శుక్రవారం పొద్దున ట్యాంకర్‌లో ముగ్గురం కూర్చున్నాం. డ్రైవర్ జహంగీర్ భాయ్, మధ్యలో స్వరూప, కిటికీ పక్కన నేను. నన్ను రావద్దనే అంది. నేనే ఎక్కాను. యాభై తొమ్మిదేళ్ళలో ట్యాంకర్ ఎక్కడం అదే మొదటిసారి. మెట్టు నా మోకాలికన్నా ఎత్తు. జహంగీర్ భాయ్ దిగొచ్చి "అమ్మా, జర గట్టిగ పట్టుకోండ్రి, ఫికర్ వద్దు" అంటూ ఒక ప్లాస్టిక్ బకెట్ బోర్లించి పెట్టాడు.

కోకాపేట దాటే దాకా సిమెంటు లారీలు, క్రేన్లు. ఆ తర్వాత అకస్మాత్తుగా ఆకాశం విశాలమైంది. పత్తి చేలు, పూల తోటలు, రాళ్ళ గుట్టలు. మా వైపు కనుచూపు మేరా ఒకే పచ్చదనం, వరి. ఇక్కడ ఎకరానికో రంగు.

దారిలో చాయ్ తాగాం, కప్పు పదిహేను. మా వైపు టీ తాగుతాం, ఇక్కడ చాయ్‌లో బిస్కెట్టు నానబెడతారు. జహంగీర్ భాయ్ ఉస్మానియా బిస్కెట్టుని ముంచి, అది విరిగి కప్పులో పడేలోపు లాఘవంగా నోట్లో వేసుకున్నాడు. నేను ప్రయత్నిస్తే విరిగి అడుక్కి పోయింది. "అందరికీ మొదట గట్లనే అయితది" అని ఓదార్చాడు.

పాడి ఉన్న ఇంటి పెద్ద మల్లమ్మగారు. డెబ్భై ఏళ్ళుంటాయి. నలభై బర్రెలు, కొట్టం వెనక రెండు గోబర్ గ్యాస్ గుంతలు. మా మురుగు ట్యాంకులోకి పేడనీళ్ళు కావాలని చెబితే ఆవిడ మొహం అదోలా పెట్టింది.

"పీతి దాంట్ల వోస్తరా మా పేడనీళ్ళు?"

"అవు పెద్దమ్మా" అంది స్వరూప.

ఆవిడ వద్దంటే మాకు వేరే చోటు లేదు. ఆవిడ ఆలోచించింది. "మా కోడలు గచ్చిబౌలిల కిరాయికుంటది. ఆ ఇంటి బురద గూడ గిట్లనే మంచిగ పనికొస్తదా?"

"వస్తది పెద్దమ్మా. మిగిలింది ఎరువు గూడ అయితది."

"అయితే పట్టుకపో. గానీ బువ్వ తిని పోవాలె."

పంపు ట్యాంకర్‌ని నింపే లోపల మాకు జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు పెట్టింది. మేము గోంగూర అంటామని చెబితే మల్లమ్మగారు "ఏమన్నగానీ, పులుపు ఒక్కటే గదా" అంది. రొట్టె ఎలా తుంచాలో తెలియక నేను పెసరట్టులా మడిచాను. అది ముక్కలై ఒళ్ళో పడింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. వచ్చేటప్పుడు చిన్న సీసాలో సల్ల, మన మజ్జిగే, పోసి ఇచ్చింది.

గొయ్యి మూత

తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం మూడు. ట్యాంకర్ గొట్టాన్ని బురద గొయ్యిలోకి దించి వదిలారు. పావు వంతు దిగాక ఆగిపోయింది. పేడనీళ్ళలో వచ్చిన గడ్డి, అడుగునుంచి డైజెస్టర్‌లోకి తోడే పంపు నోటికి అడ్డం పడింది. గొయ్యి ఆరడుగుల లోతు. నీళ్ళు నడుముదాకా వస్తాయి.

జహంగీర్ భాయ్ చొక్కా విప్పి నడుముకి తాడు చుట్టుకున్నాడు. "రెండు మినట్ల పని. దిగి చేత్తో తీసేస్త."

"దిగొద్దు!" అని అరిచాను.

నాకన్నా ముందే స్వరూప అడ్డం వచ్చింది. గొయ్యి అంచు మీద కూర్చుని రెండు చేతులూ బారజాపింది. "భాయ్, ఎవ్వలు దిగొద్దు. నువ్వు గాదు, నేను గాదు, ఎవ్వలు గాదు."

"అరె స్వరూపా, టైమ్ లేదు కదా."

"లేకపోతే లేకపాయె. డైజెస్టర్ బంద్ అయితే కానియ్యి."

ఆమె ఆ మాట అన్నప్పుడు ముఖంలో ఒక్క కండరం కదల్లేదు. ఆదివారం మూసేస్తే ఆమెకీ, ఆమె కింద పనిచేసే ఇద్దరికీ ఉద్యోగం పోతుంది. ఆ సంగతి ఆమెకి నాకన్నా బాగా తెలుసు.

పొడవాటి కొక్కెం కర్ర తెచ్చి, పైనుంచి గడ్డిని లాగడం మొదలెట్టారు. పట్టు దొరకదు, దొరికితే జారిపోతుంది. మధ్యలో వాన. గొడుగు పట్టుకుని నిలబడ్డాను. నేను చేయగలిగింది అదొక్కటే. రెండున్నర గంటలు పట్టింది. గొట్టం గుటగుటమంటూ మళ్ళీ పారడం మొదలయ్యాక జహంగీర్ భాయ్ "యా అల్లా" అని బురదలోనే కూర్చుండిపోయాడు.

అప్పుడు నేను స్వరూపకి ఒక విషయం చెప్పాను. అంతకుముందు ఎవరికీ చెప్పనిది.

పన్నెండేళ్ళ క్రితం మా పెరట్లో సెప్టిక్ ట్యాంకు నిండితే అప్పారావనే అతన్ని పిలిపించాం. మూత తీసిన కాసేపటికే అతను లోపలికి దిగాడు. హైడ్రోజన్ సల్ఫైడ్ గురించి నేను ఏటా బోర్డు మీద రాసి చెప్పేదాన్ని. ఎంత విషమో, ఎంత త్వరగా మనిషిని పడేస్తుందో పిల్లల చేత వల్లె వేయించాను. ఆ రోజు అతను దిగుతుంటే "నిచ్చెన గట్టిగా పట్టుకో" అన్నాను. దిగొద్దని అనలేదు. అతన్ని పైకి తీసేసరికి ఊపిరి లేదు. ఊళ్ళో అందరూ ప్రమాదమన్నారు. నన్ను ఒక్కరూ తప్పు పట్టలేదు.

స్వరూప ఓదార్చలేదు. అయ్యో అని కూడా అనలేదు. "నాకు ఈ పని నేర్పిన సార్ ఒక్కటే మాట చెప్పిండు అక్కా. మిషన్ చెడితే బాగు చేసుకోవచ్చు అని. నాకు అదే గుర్తున్నది" అంది. మేడమ్ అనడం మానేసి అక్కా అనడం నేను అప్పుడే గమనించాను.

శనివారం

రోజంతా ఎదురుచూపే. పీహెచ్ పొద్దున ఆరూ పాయింట్ అయిదు, సాయంత్రం ఆరూ పాయింట్ ఆరు. పొయ్యి వెలిగించారు. మంట నాలుగు సెకన్లు నిలబడి ఆరిపోయింది. గురువారం ఒక్క సెకను. నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. వద్దని రాయడానికి కొన్న నోట్‌బుక్ అది.

పద్మ నన్ను హైటెక్ సిటీకి తీసుకెళ్ళి ఒక మాల్ చూపించింది. అక్కడ నిమ్మరసం నూట నలభై. నా ధ్యాసంతా ఆ సొట్టపడిన గుమ్మటం మీదే ఉంది. "ఏంటి వదినా, మనిషివి ఇక్కడ, మనసు అక్కడ?" అంది. ఆస్పత్రిలో మనవాళ్ళని వదిలి వచ్చినట్టుందన్నాను. పద్మ నావంక వింతగా చూసింది.

ఆదివారం

పొద్దున ఏడింటికి కిందికి వెళ్ళాను. స్వరూప అప్పటికే ఉంది. గుమ్మటం మధ్యలో సొట్ట లేదు. నిన్నటి వాన నీళ్ళు అంచునుంచి ధారలుగా కారుతున్నాయి. గ్యాస్ లోపల్నుంచి పైకి నెడుతోంది. ఆమె మీటరు నా వైపు తిప్పింది. ఆరూ పాయింట్ తొమ్మిది.

ఇద్దరం క్యాంటీన్‌కి దాదాపు పరుగెత్తాం. నా గమ్‌బూట్లలో ఒకటి దారిలోనే ఊడిపోయింది. వంటమనిషి లింగయ్య అగ్గిపుల్ల గీశాడు. మంట పసుపుగా లేచింది. తర్వాత అంచులనుంచి నీలం రంగు పాకుతూ వచ్చింది. చిన్నగా, బుస్సుమంటూ, నిలకడగా నీలి వలయం.

"ఆగలే" అంది స్వరూప.

మేం చూస్తూనే ఉన్నాం. ఆగలేదు.

లింగయ్య దాని మీద పెద్ద గంజు పెట్టి, నీళ్ళు పోసి, ఉప్మాకి రవ్వ వెతకడం మొదలెట్టాడు. స్వరూప గోడకి ఆనుకుని కొంగుతో ముఖం కప్పుకుంది. వాళ్ళ ఆయనకి ఫోన్ చేసి, "వెలిగింది" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. నేను ఆమె భుజం పట్టుకున్నాను.

మీటింగుకి ప్రెసిడెంటుగారు వచ్చారు. ముందుగా క్యాంటీన్‌లోకి వెళ్ళి ఆ ఉప్మా తిన్నారు. "ఉప్పు కాస్త ఎక్కువైందండీ" అన్నారు. మిగతా ఎనిమిదిమంది సభ్యులూ తిన్నారు. మూసేయడం సంగతి ఎవరూ ఎత్తలేదు. పండగ భోజనం మిగిలితే స్వరూపని అడగకుండా చెంచాడు కూడా వేయకూడదని మాత్రం తీర్మానం రాశారు.

మా వీధి

వచ్చిన మూడో రోజు మా అరుగు మీద వీధివాళ్ళంతా కూర్చున్నారు. కాగితం కోసం చెయ్యి చాచారు.

నేను చూసిందంతా చెప్పాను. వాసన రాదని చెప్పలేదు. మూత తీసినప్పుడు వస్తుందన్నాను. చెడిపోదనీ చెప్పలేదు. తిండి ఎక్కువైతే పులుస్తుంది, దగ్గరుండి చూసుకునే మనిషి కావాలి, ఆ మనిషికి సెలవు పెట్టే వీలుండాలి, తన బదులు పని తెలిసిన ఇంకొకరుండాలి అన్నాను. మురుగు కాలవలో కలవకుండా పొయ్యి వెలిగించడం కళ్ళారా చూశానన్నాను.

"అయితే కట్టమనే అంటారా?" అన్నారు ఎదురింటి సత్యనారాయణగారు.

"అంటానండి. కానీ ఒక షరతు ఉంది" అన్నాను. అదేమిటో చెప్పేముందు అప్పారావు సంగతి చెప్పాను. నిచ్చెన గురించి నేనన్న మాటతో సహా అంతా చెప్పాను.

సత్యనారాయణగారు తన జేబులోంచి పెన్ను తీసి నాకు ఇచ్చారు. "ముందు అదే రాయండి మేడంగారూ" అన్నారు.

మనిషి దిగకుండా శుభ్రం చేసే యంత్రం ముందు కొని తేవాలి, ఆ తర్వాతే పునాది తవ్వాలి అని మొదటి వరుసలో రాశాను. కింద ముప్పై ఒక్కమంది సంతకాలు పెట్టారు. నాది చివర పెట్టాను.